దుప్పటి గోడలు

వార్డెనమ్మ బస్సు దిగేసరికి పెయింటర్ అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. తల నున్నగా దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పిల్లలకని ఒక బిస్కెట్ల పొట్లం చేత్తో పట్టుకుని, చూసినవాళ్లకు జాలేసేలా ఉన్నాడు. ఆమెను చూడగానే పక్కకు జరిగి దారిచ్చాడు.

"మేడమ్, ఒక్కసారి కనబడనివ్వండి. రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోతాను."

"రోజూ ఇదే మాట నువ్వంటున్నావు, రోజూ కుదరదని నేనంటున్నాను. నీకు విసుగు రాదా బాబూ?"

"నా పెళ్లాం పిల్లల కోసం నాకు విసుగేంటి మేడమ్?"

"నాకొస్తోంది" అనేసి ఆమె లోపలికి నడిచింది.

నిజానికి అది విసుగు కూడా కాదు. విసుక్కోవడానికైనా కాస్త ఓపికుండాలి. మోకాళ్ల దగ్గర మొదలైన అలసట ఆమెకు ఈమధ్య మాటలోకి కూడా పాకింది. సగం చెప్పి, మిగతా సగం చెయ్యి ఊపి ఊరుకుంటోంది.

కిందటి వానల్లో కొండ జారి, దాని కిందున్న వాడంతా మట్టిలో కూరుకుపోయింది. బతికి బయటపడ్డ కుటుంబాలను తెచ్చి ఈ ఆటల హాల్లో పెట్టారు. నున్నటి చెక్క నేల, దాని మీద బంతాటకు గీసిన రంగు గీతలు. ఆ గీతలే ఇప్పుడు సరిహద్దులు. బంతి వెయ్యాల్సిన బుట్ట కింద ఒక సంసారం, నడిమి వలయంలో ఇంకో సంసారం. గీత దాటి చాప పరిచారని మొదట్లో కొట్టుకునేంత పనయ్యేది. తర్వాత గీతల వెంబడి తాళ్లు కట్టి దుప్పట్లు వేలాడదీసుకున్నారు. పువ్వుల దుప్పటి అవతల ఒకరు, చారల దుప్పటి అవతల ఇంకొకరు. ఎవరి ఇంట్లో ఎవరు దగ్గినా హాలంతటికీ తెలుస్తుంది.

హాలు చివర ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గది ఒకటుంది. అక్కడ మాత్రం నిజమైన గోడలున్నాయి. మొగతోడు లేని ఆడవాళ్లనూ వాళ్ల పిల్లలనూ అందులో పెట్టారు. మగవాళ్లెవరినీ ఆ గుమ్మం దాటనివ్వకుండా చూడటం వార్డెనమ్మ ఉద్యోగంలో సగం. మిగతా సగం నీళ్లు, పాలు, మందులు, తగువులు.

పెయింటర్ పెళ్లాం ఆ గదిలోకి వచ్చి చేరింది. బక్కపల్చగా, ఒకచోట నిలవకుండా గబగబా తిరుగుతుంటుందని ఆమెను వాడలో అందరూ పిచ్చుక అనేవాళ్లు. ఒక మధ్యాహ్నం, హాలంతా భోజనాల దగ్గర ఉండగా, ఎడమ చెయ్యి కుడి చేత్తో పట్టుకుని, ఎనిమిదేళ్ల కూతురు కొంగు పట్టుకుని వెంట వస్తుండగా, నేరుగా వార్డెనమ్మ బల్ల దగ్గరికి వచ్చింది.

"అమ్మా, మీ గదిలో కాస్త చోటిస్తారా?" అని అడిగింది. నొప్పికి పెదవులు తెల్లబడిపోయాయి గానీ ఏడవలేదు. "చంటోడు మా అత్త దగ్గరున్నాడు. వాణ్ణి మీరే తెచ్చిపెట్టాలి."

వార్డెనమ్మ వెళ్లి పిల్లాణ్ణి తెచ్చింది. అత్త మారుమాట్లాడకుండా ఇచ్చేసింది. అదే వింత. ఎందుకంటే ఆ ముసలామె మాట్లాడకుండా ఉండటం ఎవరూ చూడలేదు. హాలుకు ఈ మూల నిలబడి పిలిస్తే ఆ మూల నిద్రపోతున్న పిల్లలు లేచి కూర్చుంటారు. అందుకే ఆమెకు గంటమ్మ అని పేరు. కోడలికీ ఆమెకూ పొద్దున లేస్తే పేచీ. కూర మాడిందని ఒకరు, మాడేదాకా చూస్తూ కూర్చున్నావేం అని ఒకరు.

చెయ్యి విరిగిందని ఆస్పత్రిలో తేలింది. ఎలా విరిగిందని డాక్టరు అడిగితే పిచ్చుక జారిపడ్డానని చెప్పింది. అడిగినప్పుడు, సంగతి తెలిసి వచ్చిన పెయింటర్ మంచం పక్కనే నిలబడి ఆమె తల నిమురుతున్నాడు మరి.

కొన్నాళ్లకు కొత్త ఇళ్ల సంగతి వచ్చింది. ఊరి చివర కట్టిన భవనాల్లో కుటుంబానికో గది ఇస్తారట. హాలంతా పండగైపోయింది. కానీ గది కుటుంబ పెద్ద పేరున ఇస్తారు. పెయింటర్ కుటుంబంలో పెద్ద పెయింటరే. పెళ్లాం వస్తే వస్తుంది, లేకపోతే లేదు, గది మాత్రం అతనిదే. హాలు ఖాళీ చేశాక పిచ్చుకకూ పిల్లలకూ రోడ్డే గతి.

వార్డెనమ్మ ఇళ్లు కేటాయించే అధికారి దగ్గరికి వెళ్లింది. ఒకసారి వెళితే మీటింగన్నారు, ఇంకోసారి సెలవన్నారు. చివరికి దొరికాడు. చెడ్డవాడేం కాదు. కళ్లకింద నల్లచారలతో, ఆమెకంటే అలసిపోయి కనిపించాడు.

"నేను నమ్మకపోవడం కాదు మేడమ్" అన్నాడు. "నా నమ్మకం మీద గది రాసిస్తే పైవాళ్లు కొట్టేస్తారు. ఆస్పత్రిలో జారిపడ్డానంది. చూసినవాళ్లు ఒక్కరు వచ్చి చెప్పమనండి, చాలు. భార్యకూ పిల్లలకూ విడిగా ఇవ్వడానికి రూలుంది. కూతురు చూసిందన్నారుగా, ఆ పిల్లనే తీసుకురండి."

ఈ మాట చెబితే పిచ్చుక తల అడ్డంగా ఊపింది.

"వద్దమ్మా. నాన్న ఎదురుగా నిలబెట్టి నాన్న మీద చెప్పించడం నావల్ల కాదు. అది ఆ రోజునుంచి పక్క తడుపుతోంది. గది పోతే పోనీయండి."

వార్డెనమ్మకూ అదే న్యాయమనిపించింది. దాంతో హాల్లోకి బయల్దేరింది, ఒక్కో దుప్పటీ ఎత్తి అడుగుతూ.

పెయింటర్ పక్క దుప్పటివాడు టైర్లకు పంక్చర్లు వేసే మనిషి. "అరుపులు వినబడ్డాయమ్మా, అబద్ధమెందుకు. కానీ కళ్లతో చూడలేదు కదా. మధ్యలో దుప్పటుంది" అన్నాడు.

"దుప్పటేగా బాబూ. గోడ కాదుగా."

"సంసారం కదమ్మా. ఎత్తి చూస్తే బాగుంటుందా?"

అతని భార్య పొయ్యి దగ్గరనుంచి తలెత్తకుండా, "అతను మంచోడేనండీ. మా తాడు తెగితే అతనే కట్టిపెట్టాడు" అంది.

అవును, అదీ నిజమే. హాల్లో అందరికీ అతను మంచివాడే. ముసలివాళ్లకు నీళ్ల బిందెలు మోస్తాడు. పిల్లలకు గోడమీద ఏనుగు బొమ్మ వేసి చూపించాడు. ఏ గడప దగ్గరికెళ్లినా, అంటే ఏ దుప్పటి దగ్గరికెళ్లినా, వార్డెనమ్మకు అదే జవాబు. విన్నాం, చూడలేదు. చూసినా మాకెందుకు. రేపు ఆ భవనంలో పక్కపక్క గదుల్లో బతకాల్సినవాళ్లం.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లి, చెప్పులు విప్పి, గోరువెచ్చని నీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. భర్త గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం తగిలించుకునే తలెత్తి చూశాడు.

"వార్డెన్ గారూ, ఈ ఇంట్లో ఒక బాధిత పురుషుడు పొద్దుటినుంచీ ఒంటరిగా ఉన్నాడు. కాస్త పలకరిస్తారా?"

మామూలుగానైతే నవ్వేది. "అందరూ విన్నారండీ" అంది. "ఒక్కరూ చెప్పరు."

"పోనీ, మానెయ్యరాదూ ఈ ఉద్యోగం?"

"రాజీనామా రాయాలంటే కూడా ఓపికుండాలిగా."

అతను భూతద్దం తీసి పక్కన పెట్టి, లేచి వచ్చి బకెట్లో ఇంకాస్త వేడినీళ్లు పోశాడు.

మర్నాడు పొద్దున, ఏ ముహూర్తాన నోరు జారిందో గానీ, వార్డెనమ్మ పిచ్చుకతో అనేసింది. "ఒక్కసారి ఆలోచించు అమ్మాయ్. సాక్ష్యం దొరికేలా లేదు. గది వస్తే పిల్లలకో నీడ ఉంటుంది. ఎంతైనా గోడలూ తలుపూ ఉన్న ఇల్లు. పెద్దవాళ్లం పదిమంది కూర్చుని అతనికి గట్టిగా చెబుతాం."

పిచ్చుక అప్పుడు ఒంటిచేత్తో చంటివాడికి అన్నం కలుపుతోంది. కలపడం ఆపింది.

"ఆ గోడలంటేనే నాకు భయం అమ్మా. ఇక్కడ దుప్పటి కాబట్టి ఆ రోజు అరిస్తే అందరికీ వినపడింది. ఎవరూ రాలేదనుకోండి, వినపడుతుందన్న జంకుతో అతనే ఆగాడు. అదే గోడలు కట్టి, తలుపేసి, గొళ్లెం పెట్టిన గదిలో అయితే ఎందుకాగుతాడు?" అని, మళ్లీ ముద్ద కలిపి పిల్లాడి నోట్లో పెట్టింది. "మీరు అలసిపోయారు. నాకు తెలుసు. కానీ ఆ మాట ఇంకోసారి అనకండి."

వార్డెనమ్మకు తల కొట్టేసినట్టయింది. లేచి బయటికి వెళ్లి, నీళ్ల డ్రమ్ము దగ్గర మొహం కడుక్కుని, మళ్లీ కడుక్కుంది. ఆ తర్వాత ఇంకెవర్నీ అడగడానికి వెళ్లలేదు. సాక్షి లేకపోయినా సరే, గది గురించి అధికారి పెట్టే విచారణకు వెళదామని పిచ్చుకతో చెప్పింది.

విచారణ రోజున అధికారి గదిలో ఫ్యాను టకటకమంటూ తిరుగుతోంది. గోడవారన కుర్చీల్లో పిచ్చుక, వార్డెనమ్మ కూర్చున్నారు. పిల్లలిద్దరినీ బయట వరండాలో ఆఫీసు గుమాస్తా ఆవిడ దగ్గర వదిలారు. కాసేపటికి పెయింటర్ వచ్చాడు, వెంట తల్లిని తీసుకుని. దారిలో కొత్త చెప్పులు కొనిపెట్టినట్టున్నాడు, గంటమ్మ పాదాలు ఈడ్చుకుంటూ నడుస్తోంది.

ఆమెను చూడగానే వార్డెనమ్మకు ఉన్న కాస్త ఆశా చల్లారిపోయింది.

పెయింటర్ చాలా మర్యాదగా మాట్లాడాడు. భార్యంటే ప్రాణమన్నాడు, పిల్లల్లేక అన్నం సహించడం లేదన్నాడు. "ఆడవాళ్ల మధ్య ఏవో చికాకులు సార్, దానికి అలిగి వెళ్లిపోయింది. నామాట కాదు, మా అమ్మని అడగండి. కోడలి సంగతి అత్తకంటే ఎవరికి తెలుస్తుంది?"

అధికారి గంటమ్మ వైపు తిరిగాడు. "చెప్పమ్మా. నీ కోడలు ఎలాంటిది?"

"ఎలాంటిదా?" గంటమ్మ గొంతుకు కిటికీ అద్దం గలగలమంది. "మొండిఘటం. నేనొక మాటంటే నాలుగు అప్పజెబుతుంది. పళ్లు లేనిదాన్ని, అన్నం కాస్త మెత్తగా దించవే అంటే గులకరాళ్లు వండి పెడుతుంది. నేను దగ్గితే మొహం అటు తిప్పుకుంటుంది. మొన్న కొండ జారిన రోజున నా ట్రంకుపెట్టె వదిలేసి, కుట్టుమిషను మోసుకొచ్చింది మహాతల్లి. నా పెళ్లి చీర అందులోనే పోయింది."

పెయింటర్ పెదాల మీద చిన్న నవ్వు మెదిలింది. పిచ్చుక తలొంచుకుని కట్టు కట్టిన చేతినే చూసుకుంటోంది. వార్డెనమ్మకు లేచి వెళ్లి, వచ్చిన బస్సేదో ఎక్కి, అది ఎక్కడికి పోతే అక్కడికి పోవాలనిపించింది.

"ఇంకా?" అన్నాడు అధికారి.

"ఇంకేముంది? అదలాంటిది, నేనూ అలాంటిదాన్నే. మేం తిట్టుకుంటాం, తిట్టుకుని తింటాం. దానికీ దీనికీ సంబంధం లేదు." గంటమ్మ కాలు పైకి తీసి కొత్త చెప్పు వదులు చేసుకుంది. "చెయ్యి మాత్రం వీడే విరిచాడు."

పెయింటర్ గిర్రున తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా!" అన్నాడు పెయింటర్.

"ఏంట్రా అమ్మ? నేనక్కడే ఉన్నాను కదరా. చంటోడు నా ఒళ్లోనే ఉన్నాడు. వెనక్కి మెలిపెట్టావు. అది వద్దు వద్దంటున్నా వదల్లేదు. టప్పుమన్న చప్పుడు నా చెవులతో విన్నాను, నా కళ్లతో చూశాను. నోరు మూసుకోమన్నావు, మూసుకున్నాను. ఇప్పుడు ఈయన అడిగాడు."

అధికారి కలం కింద పెట్టాడు. "మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"నన్నెవరడిగారు? ఈ వార్డెనమ్మ హాలంతా తిరిగి అందర్నీ అడిగింది. నా దుప్పటి దగ్గరికి మాత్రం రాలేదు."

అది నిజం. కొడుకు మీద తల్లి చెబుతుందని వార్డెనమ్మ కలలో కూడా అనుకోలేదు. ఇప్పుడు ఆ ముసలి కళ్లలోకి చూడలేక బల్ల వైపు చూసింది.

గంటమ్మ గొంతు అప్పుడు, బహుశా పుట్టాక మొదటిసారి, తగ్గింది. "వీడి నాన్న చేతిలో నేనూ తిన్నాను సార్. నేను దెబ్బలు తింటుంటే మా అత్త మూల కూర్చుని చూసేది. కొట్టొద్దనేది కాదు, కొట్టమనేదీ కాదు. ఊరికే చూసేది. ఆ చూపు నాకు దెబ్బలకంటే ఎక్కువ గుర్తుండిపోయింది. ఆ రోజు చంటోణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఆ కళ్లు నాకే వచ్చాయనిపించింది. అప్పట్నుంచి ముద్ద దిగడం లేదు. దానిమీద ప్రేమ పొంగి చెప్పడం లేదు నేను. నాకిక చూసే ఓపిక లేదు, అంతే."

పెయింటర్ లేచాడు. అధికారి ఉన్నాడన్న జంకుతో కాబోలు అరవలేదు. "నీకిక కొడుకు లేడనుకో" అని మాత్రం అని, తలుపు దభాలున వేసి వెళ్లిపోయాడు.

అధికారి ఆమె మాటలు రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకున్నాడు. ఉత్తర్వు రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చన్నాడు. అప్పటిదాకా పెయింటర్ ఆడవాళ్ల గది దరిదాపులకు రాకూడదని అప్పటికప్పుడే ఒక కాగితం ఇచ్చాడు.

బయట వరండాలో గంటమ్మ బెంచీమీద కూలబడి చెప్పులు విప్పేసింది. మడమలు ఒరుసుకుని రక్తమోడుతున్నాయి. ఎక్కడికి వెళ్లాలో ఆమెకు తెలియదన్న సంగతి చూస్తేనే తెలుస్తోంది. హాల్లో చారల దుప్పటి వెనక ఆమె చాప పక్కనే కొడుకు చాప.

పిచ్చుక చంటివాణ్ణి చంకనేసుకుని ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె మొహంలో కోపమూ ఉంది, కోపం కానిదీ ఉంది. అన్నాళ్లూ చూసి ఊరుకున్నందుకు అడగాల్సింది చాలానే ఉండి ఉంటుంది.

"బస్సెక్కగలవా అత్తా?" అంది చివరికి.

"ఎక్కకపోతే నువ్వెత్తుకుంటావా ఒంటిచేత్తో?"

"నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు" అని పిచ్చుక ఆ చెప్పులు తీసి సంచిలో వేసుకుంది. ఎనిమిదేళ్ల పిల్ల నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. బట్టలు మార్చుకునే గదిలో ఇంకో చాపకు చోటు చెయ్యడానికి వార్డెనమ్మ ఆ సాయంత్రం మందుల బీరువా బయటికి జరిపించాల్సి వచ్చింది.

ఉత్తర్వు మొదటిసారి పిచ్చుక పేరు తప్పుగా పడి వచ్చింది. దిద్దించడానికి మళ్లీ తిరగాలి. రెండోసారి భవనం నంబరు తప్పు. వార్డెనమ్మ తిడుతూనే తిరిగింది. ఆఖరికి గది చేతికొచ్చింది, మూడో అంతస్తులో, లిఫ్టు లేకుండా. తల్లి, ఇద్దరు పిల్లలు, అత్త అని ఉత్తర్వులో రాసి ఉంది. పెయింటర్‌కు ఒంటరి మగవాళ్ల వసతిలో ఒక మంచం ఇచ్చారు. పిల్లల్ని చూడటానికి వారానికోసారి, ఆఫీసు గదిలో, గుమాస్తా ఆవిడ ఎదురుగా వీలు కల్పించారు. పిల్ల మొదటి రెండుసార్లూ వెళ్లనంది. వెళ్లమని ఎవరూ బలవంతపెట్టలేదు.

హాలు ఖాళీ అయ్యింది. తాళ్లు విప్పి దుప్పట్లు మడతపెట్టారు. వార్డెనమ్మను ఇంకో చోటికి వేశారు. అక్కడ చేరేముందు ఒకరోజు సెలవు పెట్టి, ఆ మూడంతస్తులూ ఆగి ఆగి ఎక్కింది.

తలుపు తట్టకముందే లోపలి గొడవ మెట్లదాకా వినిపించింది. నీళ్లు పైకి సరిగా ఎక్కడం లేదని అత్త, ఎక్కినప్పుడే పట్టి ఉంచాలని కోడలు. కుట్టుమిషను కిటికీ పక్కన ఉంది. పిచ్చుక చేతికి కట్టు తీసేశారు గానీ మణికట్టు ఒకపక్కకు వంగి ఉండిపోయింది. బరువులు ఎత్తలేదట. పిల్ల పక్క తడపడం తగ్గింది, పూర్తిగా మానలేదు.

టీ తాగుతుండగా గంటమ్మ లేచి, మూలనున్న టిఫిను డబ్బా తీసుకుని, "ఇప్పుడే వస్తా" అంటూ తలుపు తీసింది. మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టుకూ మూలుగు.

"ఎక్కడికి?" అంది వార్డెనమ్మ.

"కొడుక్కి అన్నం పట్టుకెళుతుంది" అంది పిచ్చుక గ్లాసులు సర్దుతూ. "అతను ఇప్పటికీ మాట్లాడడట. డబ్బా గుమ్మం దగ్గర పెట్టి, ఖాళీ డబ్బా తెచ్చుకుంటుంది. నాకు తెలియదనుకుంటుంది."

"వంట నువ్వేగా చేస్తావు?"

"నేనే."

"నీకెలా ఉంటుంది మరి?"

"కడుపు మండుతుంది. వద్దందామనుకుంటాను, ఆవిడ కన్నది కదా అని ఊరుకుంటాను. మెట్లెక్కి వచ్చాక మోకాళ్లకు మందు రాయాల్సింది మళ్లీ నేనే." గ్లాసు బోర్లించి పెట్టింది. "అతను మారితే మారనీ, మారకపోతే పోనీ. ఈ గుమ్మం మాత్రం తొక్కకూడదు. అంతకుమించి ఆలోచించడానికి నాకు తీరిక లేదమ్మా. ఇరవై జాకెట్లు కుట్టాలి రేపటికి."

వార్డెనమ్మ ఖాళీ గ్లాసు ఆమె చేతికిచ్చి, గోడ పట్టుకుని లేచింది. కిందికి దిగుతుంటే రెండో అంతస్తు మలుపులో గంటమ్మ డబ్బా పక్కన పెట్టుకుని మెట్టుమీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటోంది. వార్డెనమ్మ కూడా ఆమె పక్కన చోటు చేసుకుని కూర్చుంది. ఇద్దరిలో ఎవరికీ వెంటనే లేవాలనిపించలేదు.